పాత బాకీలతో మొదలైన కొత్త ఉద్యోగం

2024 ఫిబ్రవరిలో, అనంతపురంలో పీవీసీ పైపుల కంపెనీ సేల్స్ ఆఫీసరుగా చేరిన నాలుగో రోజున, నేను కళ్యాణదుర్గంలోని ఒక డీలరు దుకాణానికి వెళ్ళి, నన్ను నేను పరిచయం చేసుకుని, విజిటింగ్ కార్డు బల్ల మీద పెట్టాను. యజమాని ఆ కార్డు వంక చూడలేదు. "కూసో సామీ, టీ తాగు. నీకంటే ముందు ముగ్గురు వచ్చి పోయినారు" అని, బల్ల మీద నిలబెట్టి ఉన్న ఇనుప కమ్మీకి గుచ్చిన బిల్లులను పైనుంచి ఒక్కొక్కటిగా తీసి వరుస తప్పకుండా పక్కన పేర్చుకుంటూ, అట్టడుగున ఉన్న ఒక కాగితాన్ని బయటికి తీశారు. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద, నాకంటే ముందు ఈ ఏరియా చూసినతను చేత్తో రాసి ఇచ్చిన లెక్క ఉంది. 2023 జనవరి నుంచి మార్చి వరకు పన్నెండు లక్షల రూపాయల సరుకు ఎత్తితే రెండు శాతం స్కీము కింద వెనక్కి వస్తుందని, అంటే ఇరవై నాలుగు వేల రూపాయలని, దాని సారాంశం. సంతకం ఉంది, తేదీ ఉంది. డబ్బు మాత్రం ఏడాది కావస్తున్నా రాలేదు.

ఆ రోజు నేను బ్యాగులో కొత్త ధరల పట్టిక, సరుకు రకాల క్యాటలాగు, వేసవి స్కీము కాగితాలు పెట్టుకుని వెళ్ళాను. ఏ మాట తరువాత ఏ మాట చెప్పాలో ముందు రాత్రి గదిలో అనుకుని మరీ వెళ్ళాను. వాటిలో ఒక్కటి కూడా బయటికి తీయలేదు. ఆ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసుకుని, ఆ మూడు నెలల ఇన్వాయిస్ నంబర్లన్నీ నా నోటు పుస్తకంలో రాసుకుని, "అన్నా, ఇది వస్తుందో రాదో ఈరోజు నేను చెప్పలేను, వచ్చే సోమవారం ఇదే వేళకు వచ్చి ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను" అని లేచాను. ఆర్డరు అడగలేదు. బస్టాండు వైపు నడుస్తున్నప్పుడు నాలుగు రోజులుగా కడుపులో ఉన్న బెరుకు కొంత తగ్గినట్టు అనిపించింది. చేతిలో మొదటిసారిగా చేయవలసిన పని ఒకటి కచ్చితంగా కనిపించడమే దానికి కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

అంతకు ముందు నాలుగేళ్ళు నేను కడపలో బిస్కెట్ల డిస్ట్రిబ్యూటరు దగ్గర పనిచేశాను. అక్కడ రోజుకు నలభై అంగళ్ళు తిరగాలి. ఒక్కో అంగడిలో నిలబడేది ఐదు నిమిషాలు. సరుకు ఆ వారమే అమ్ముడుపోతుంది, డబ్బు పై వారం చేతికి వస్తుంది. మాటలో చురుకుదనం ఉంటే ఆ పనిలో త్వరగా కుదురుకోవచ్చు, నేను అలాగే కుదురుకున్నాను. పైపుల వ్యాపారంలో రోజుకు ఐదారు దుకాణాలకు మించి వెళ్ళలేము, ఒక్కో ఆర్డరు లక్షల్లో ఉంటుంది, సరుకు అప్పు మీద పోతుంది, ఆ అప్పు వెనక రైతు అప్పు ఉంటుంది, రైతు అప్పు వెనక చీనీ (బత్తాయి) కాయల టన్ను ధర ఉంటుంది. మార్కెట్ యార్డులో చీనీ ధర పడిపోయిన వారం నాకు కలెక్షన్ రాదు. ఈ సంగతి ఎవరూ శిక్షణలో చెప్పలేదు. రెండు రోజుల శిక్షణలో చెప్పినదల్లా మా పైపు ఇతరుల పైపుకంటే ఎందుకు మేలైనదన్న ఒక్క విషయమే.

మొదటి రెండు వారాలు నేను అన్ని దుకాణాల్లోనూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "మా కంపెనీ నుంచి మీకు రావలసినది ఏమైనా ఉందా?" కొందరు నమ్మలేనట్టు చూశారు. ఒకాయన, "రావాల్సింది అడిగేటోన్ని ఇప్పుడే చూస్తాండా" అన్నారు. రెండు వారాలు పూర్తయ్యేసరికి నా పుస్తకంలో పదకొండు పద్దులు చేరాయి. అందులో రాని స్కీము డబ్బు ఉంది, లారీలో పగిలి వచ్చిన ఫిట్టింగులు ఉన్నాయి, ఆర్డరు ఇచ్చినది ఒక సైజు అయితే దిగినది ఇంకొక సైజు అయిన సరుకు ఉంది, ధర తగ్గిన రోజున గోడౌన్‌లో ఉన్న స్టాకుకు తేడా ఇస్తామన్న నోటిమాట ఉంది. అన్నింటికీ ఒక్క పేజీలో గళ్ళు గీసి, డీలరు, ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం, ఆధారంగా ఉన్న కాగితం, ఇప్పుడు ఎవరి దగ్గర ఆగి ఉంది అని రాసుకున్నాను. చివరి గడి నింపడమే కష్టమైంది. ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఉన్నదో తెలుసుకోవడానికి హైదరాబాదులోని మా ఆఫీసుకు చేసిన ఫోన్లు లెక్క పెట్టలేదు.

మా పైఅధికారికి ఇది నచ్చలేదు. "పాతవి తవ్వితే అందరూ ఏదో ఒకటి అడుగుతారు, నువ్వు కొత్త ఆర్డర్లు తీసుకురా" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. రెండు దుకాణాల వారు ఆధారం లేని లెక్కలు కూడా చెప్పారు. అయినా నేను ఆయనతో ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను. కొత్తవాడు దుకాణంలో అడుగు పెట్టినప్పుడు డీలరు మనసులో ఉండేది కంపెనీ పైపు కాదు, కంపెనీ తనకు బాకీ ఉన్న ఇరవై నాలుగు వేలు. ఆ ముల్లు తీయకుండా మనం ఎంత బాగా మాట్లాడినా ఆయన వినేది సగమే. పైగా ఆ సంగతి ఎప్పుడు ఎత్తుతారో అన్న భయంతో మాట్లాడేవాడి గొంతులో ధైర్యం ఉండదు. నేను చేరిన మొదటి మూడు రోజుల్లో నా గొంతులో లేనిది అదే.

కళ్యాణదుర్గం కాగితం విషయంలో నాకు అసలు చిక్కు జీఎస్టీ దగ్గర వచ్చింది. ఒక ఆర్థిక సంవత్సరంలో అమ్మిన సరుకు మీద తరువాత తగ్గింపు ఇచ్చి, పన్ను కూడా సరిచేసుకుంటూ క్రెడిట్ నోటు, అంటే ఆ మొత్తాన్ని డీలరు ఖాతాలో జమ చేసే కాగితం, ఇవ్వాలంటే, ఆ సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే నవంబరు 30లోపు దానిని లెక్కలో చూపాలి. 2023 మార్చితో ముగిసిన ఏడాది బిల్లులకు ఆ గడువు 2023 నవంబరు 30తోనే దాటిపోయింది. "గడువు అయిపోయింది, ఇక ఇవ్వలేము" అని ఆఫీసులో మొదట చెప్పినతను అక్కడితో ఫోను పెట్టేశారు. నేను కూడా ఆ మాటే నిజమనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు అకౌంట్స్‌లో పనిచేసే ఒక మేడమ్‌ను అడిగితే, ఆమె ఓపికగా విడమరచి చెప్పారు: గడువు దాటితే కంపెనీ తాను కట్టిన పన్నును తగ్గించుకోవడానికి వీలుండదు, అంతవరకే, పన్నును కదిలించకుండా తగ్గింపు మొత్తానికి మాత్రమే క్రెడిట్ నోటు ఇవ్వడానికి గడువు అడ్డు రాదు. దానిని వాళ్ళు ఫైనాన్షియల్ క్రెడిట్ నోటు అంటారు. పై నుంచి ఒక సంతకం మాత్రం కావాలి. ఆ సంతకం కోసం నేను ఇన్వాయిస్‌లన్నీ, స్కీము సర్క్యులరు, చేతిరాత కాగితం ఫొటో జతచేసి ఒక్క మెయిల్ పెట్టి, ప్రతిరోజూ పదకొండు గంటలకు ఒకసారి ఫోను చేశాను.

ప్రతి సోమవారం కళ్యాణదుర్గం వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి సోమవారం "గడువు దాటిందంటున్నారు" అని, రెండో సోమవారం "వేరే దారి ఉందట, సంతకం కావాలి" అని, మూడో సోమవారం "సంతకం ఇంకా కాలేదు" అని. చేతిలో ఏమీ లేకుండా ఆ మూడోసారి ఆ మెట్లు ఎక్కడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన పని. నాలుగో సోమవారం క్రెడిట్ నోటు ప్రింటు తీసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంకెలు రెండుసార్లు చూసుకుని, ఆ పాత కాగితాన్నీ ఈ కొత్త కాగితాన్నీ కలిపి అదే కమ్మీకి గుచ్చి, "రెండున్నర, నాలుగు కేజీది రెండు వందల లెంతులు రాసుకో" అన్నారు.

ఆ ఒక్క వాక్యం నాకు అర్థం కావడం వెనక ఇంకొక నెల రోజుల చదువు ఉంది. మా క్యాటలాగులో పైపులు మిల్లీమీటర్లలో ఉంటాయి: 63, 75, 90, 110. దుకాణంలో వాటిని రెండు, రెండున్నర, మూడు, నాలుగు అంగుళాలు అంటారు. చేరిన కొత్తలో ఒక రైతు "మూడించిది ఎంత?" అని అడిగినప్పుడు నేను క్యాటలాగులో వెతుక్కోవడం చూసి, ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగిపోయారు. ఆ సాయంత్రమే అనంతపురంలో మా డీలరు గోడౌన్‌కు వెళ్ళి, హమాలీ పెద్దాయనను బతిమాలి, ఒక్కో పైపూ చేత్తో పట్టుకుని చూశాను. కళ్ళు మూసుకుని మూతి మీద బొటనవేలు తిప్పితే నాలుగు కేజీదో ఆరు కేజీదో చెప్పగలగాలని ఆయన అన్నారు. వారం రోజుల్లో చెప్పగలిగాను. గోడౌన్‌లో ఆ వారం నేర్చుకున్నది రెండు రోజుల శిక్షణకంటే ఎక్కువ.

ఆ కేజీల లెక్క సేల్స్‌లో ఉన్న చాలామంది బట్టీ పడతారు గానీ ఎందుకో చెప్పరు. కేజీ అంటే ఇక్కడ పైపు బరువు కాదు, చదరపు సెంటీమీటరు మీద పడే నీటి ఒత్తిడి. నీటిని పది మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే దాదాపు ఒక కేజీ ఒత్తిడి పడుతుంది. కనుక నాలుగు కేజీల పైపు నలభై మీటర్ల వరకు తట్టుకుంటుంది, అది కూడా పైపు పొడవునా జరిగే రాపిడి కలుపుకుని. బోరు దగ్గరి నుంచి గుట్ట వాలులో ఉన్న చీనీ తోటకు ముప్ఫై మీటర్లు ఎక్కించాలనే రైతుకు, మోటారు ఆన్ అయినప్పుడు పడే దెబ్బ కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆరు కేజీలదే ఇవ్వాలి. చదును పొలానికి నాలుగు కేజీలది చాలు, ఆరు కేజీలది అంటగట్టడం అన్యాయం. ఈ ముక్క చెప్పగలిగిన రోజు నుంచి రైతులు గుమాస్తా వైపు తిరగడం మానేశారు.

లెంతుల లెక్క కూడా అటువంటిదే. లెంతు అంటే ఆరు మీటర్లు, ఇంచుమించు ఇరవై అడుగులు. వెయ్యి అడుగుల దూరానికి యాభై లెంతులని ఎవరైనా చెబుతారు. కానీ ప్రతి జాయింటు దగ్గర ఒక పైపు చివర మరొక పైపు సాకెట్లోకి వెళ్ళిపోతుంది కదా, ఆ పోయినది కూడితే చివర పైపు చాలక రైతు మళ్ళీ బండి కట్టించుకుని టౌనుకు రావలసి వస్తుంది. రెండు ఎక్కువ కలిపి యాభై రెండు అని చెప్పడం నాకు నేర్పినది నార్పల దగ్గర అరటి తోటలో పైపులు వేస్తున్న ఒక ప్లంబరు. ఆయన పని చేస్తుంటే ఒక పూటంతా పక్కన కూర్చున్నాను. పైపు కొనను గుడ్డతో తుడిచి, సాకెట్ లోతు ఎంతో కొలిచి చాక్‌పీసుతో గీత గీసి, సొల్యూషన్ పలచగా రెండు వైపులా పూసి, గీత మునిగే దాకా తోసి, పావు వంతు తిప్పి, లోపల యాభై అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలిస్తూ కదలకుండా పట్టుకున్నారు. "ఈ పట్టుకునేదే పని అబ్బీ, పూసేది ఎవురైనా పూస్తారు" అన్నారు. జాయింటు ఊడిందని నాకు తరువాత వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు, అదే రోజు నీళ్ళు వదిలినవో, గాలి పోవడానికి వాల్వు పెట్టనివో అయి ఉన్నాయి. పైపు వేసినవాళ్ళ మీద తప్పు తోసేసి గొడవపడే బదులు, ఆ ప్లంబరు దగ్గర చూసినది చూసినట్టు చెప్పి, రెండు చోట్ల నేనే నిలబడి ఎయిర్ వాల్వు పెట్టించాను.

తెలియనిది తెలియదని చెప్పడం గురించి అందరూ చెబుతారు. చెప్పిన తరువాత చేయవలసిన పనే దానికి విలువ తెస్తుందని నా అనుభవం. తాడిపత్రిలో ఒక డీలరు, పది మంది ముందు, "మా పక్క నేలంతా బండలు, రాళ్ళు. పూడ్చితే నీ పైపు నిలుస్తుందా?" అని అడిగారు. నాకు తెలియదు. "సాయంత్రం నాలుగులోపు కనుక్కుని ఫోను చేస్తాను" అన్నాను. ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఇంజనీరును పట్టుకుని అడిగితే, కేజీల రేటింగు లోపలి నీటి ఒత్తిడికి సంబంధించినదే గానీ బయటి రాతి పోటుకు కాదని, కాలువ అడుగున మెత్తటి మట్టి గానీ ఇసుక గానీ పరచి, పైపు మీద కూడా అదే కప్పి, ఆ తరువాతే రాళ్ళ మట్టి పోయాలని, ట్రాక్టరు మడక తగలనంత లోతు ఉండాలని చెప్పారు. మూడు నలభైకి ఫోను చేసి ఆ మాటలన్నీ చెప్పాను. మరుసటి వారం వెళ్ళేసరికి, వచ్చిన రైతుకు ఆయనే ఈ సంగతి వివరిస్తున్నారు.

ఏరియా గురించి కొంచెం చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయిన తరువాత ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. మా ఆఫీసు జాబితాలో మాత్రం పాత జిల్లాయే ఉండడంతో, నాకు సంబంధం లేని దుకాణాల బాకీలు కూడా నా పేరు మీద కనిపించేవి. అవి సరిచేయించుకోవడానికి ఒక వారం పట్టింది. మిగిలినదంతా ఒకటే మార్కెట్ అనుకోవడం పొరపాటు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో దానినిబట్టి సరుకు మారుతుంది. కళ్యాణదుర్గం వైపు లోతు బోర్లు, కనుక బోరు గోడ కూలకుండా దించే కేసింగు పైపులు, మోటారు నుంచి నీళ్ళు పైకి తెచ్చే కాలమ్ పైపులు అడుగుతారు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి ఉంటుంది, అక్కడ కాలువ నీటిని పొలానికి మళ్ళించుకునే పైపులు పోతాయి. నార్పల, పుట్లూరు వైపు అరటి, చీనీ తోటలు, అక్కడ డ్రిప్పు గొట్టాలకు నీళ్ళు పంచే సబ్‌మెయిను పైపులు, డ్రిప్పు సామాను. రాయదుర్గంలో మాటల్లో సగం కన్నడం ఉంటుంది, ధర చెప్పగానే బళ్ళారి ధర ఎదురు చెబుతారు. బళ్ళారిలో ఆ వారం రేటు ఏమిటో తెలియకుండా రాయదుర్గం బస్సు ఎక్కకూడదని రెండో వారానికే తెలుసుకున్నాను.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ధరల జోస్యం గురించి. పీవీసీ పైపుకు ముడిసరుకైన రెజిన్‌లో పెద్ద భాగం మన దేశానికి దిగుమతిగానే వస్తుంది, కాబట్టి దేశం బయటి మార్కెట్ కదిలినప్పుడల్లా ఇక్కడ పైపు ధర కదులుతుంది. డీలరు కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న, "రేటు పెరుగుతాదా, తగ్గుతాదా?" అన్నది. నెలాఖరున టార్గెట్ నిండనప్పుడు "వచ్చే వారం పెరుగుతుంది, ఇప్పుడే ఎత్తండి" అనడం చాలా సులభం. చాలామంది అంటారు. నాకు మొదటి నెల టార్గెట్ నలభై లక్షలు, అయినది ఇరవై ఏడు. మార్చి చివరి వారంలో, సంవత్సరాంతం కూడా కావడంతో, గోడౌన్లు నింపించమని రోజుకు నాలుగు ఫోన్లు వచ్చాయి. గుత్తిలో ఒక డీలరు నేను ఒక్క మాట అంటే రెండు లారీలు దించుకునేటట్టు ఉన్నారు. "అన్నా, పెరుగుతుందో తగ్గుతుందో నాకు తెలియదు. మీ దగ్గర ఉన్న స్టాకు ఇరవై రోజులకు వస్తుంది, బోర్ల సీజను మే వరకు ఉంది, ఒక లారీ చాలు" అన్నాను. అప్పు చేసి దించుకున్న సరుకు ధర తగ్గితే, ఆ నష్టం మోసేది ఆయన ఇల్లు. అంత డబ్బు మీద నాకు తెలియని మాట చెప్పే హక్కు నాకు లేదు. ఆ నెల ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగాను, పైఅధికారి చేత మాట పడ్డాను. ఏప్రిల్‌లో ఎవరినీ తొందరపెట్టకుండానే నలభై ఆరు అయింది.

పదకొండు పద్దులలో ఎనిమిది మే నెల ముగిసేలోపు తేలాయి. రెండింటికి ఆధారం దొరకలేదు, కంపెనీ ఇవ్వనన్నది. ఆ రెండు దుకాణాలకూ నేనే వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఏ కాగితం లేకపోవడం వల్ల రాలేదో చెప్పాను. ఫోనులో చెప్పేసి ఉంటే నాకు సులభంగా ఉండేది. ఒకరు రెండు మాటలు అని, టీ తెప్పించారు. పదకొండోది గుంతకల్లులోని ఒక డీలరుది: సైజు మారి దిగిన సరుకును వెనక్కి తీసుకోవడంలో జరిగిన ఆలస్యం వల్ల విసిగి, నేను చేరడానికి ముందే ఆయన వేరే కంపెనీ సరుకు పెట్టుకున్నారు. ఆ సరుకు తాలూకు డబ్బు ఇప్పించాను గానీ ఆర్డరు రాలేదు. ప్రతి మంగళవారం ఉరవకొండ మీదుగా వెళ్ళి ఆయన దుకాణంలో పది నిమిషాలు కూర్చుంటాను. కూర్చోమంటారు, ఊరి సంగతులు మాట్లాడతారు, పైపుల మాట ఎత్తరు, నేనూ ఎత్తను. పోయిన మంగళవారం లేచి వస్తూ ఉంటే, కౌంటరు మీద లెక్క చూసుకుంటూ తల ఎత్తకుండానే, "నాలుగించి ఆరు కేజీది ఇప్పుడెంత పడుతుంది?" అని అడిగారు. ధర చెప్పి, చీటీ మీద రాసి ఇచ్చి వచ్చాను.